ఖాళీ వదిలిన గడి

"ఈ రెండిట్లో నేను రాసింది ఏదో చెప్పు వదినా," అంది ఆడపడుచు.

భోజనాల బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. కింద తమ నీళ్ళ పరీక్షల ల్యాబులో వేసుకునే తెల్లకోటు మేడమీదికి తేకూడదని ఇంట్లో నియమం. ఆ నియమం పెట్టి అందరినీ సాధించేది తనే. ఇవాళ కోటుతోనే వచ్చేసింది.

కోడలు టీ వడపోస్తున్నదల్లా గిన్నె కింద పెట్టి వచ్చి చూసింది. రెండు కాగితాల మీదా ఒకటే ట్యాంకు పేరు, ఒకటే తేదీ, ఒకటే నమూనా నంబరు. పైనుంచి కిందిదాకా అంకెలన్నీ ఒకటే. చిట్టచివరి గడిలో మాత్రం తేడా ఉంది. ఒకదాంట్లో నూట పద్నాలుగు. రెండోదాంట్లో ఏమీ లేదు. ఆ ఏమీ లేని గడి కింద మామగారి సంతకం ఉంది.

"సంతకం లేనిది నీదే కదా. నూట పద్నాలుగు నీది."

"మరి నా నూట పద్నాలుగు ఏమైంది?"

ఆ చివరి గడి క్రిములది. తాగే నీళ్ళలో అవి ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే ఆ ట్యాంకు ఆ పూటే మూసెయ్యాలి. ఈ ల్యాబులో క్రిములు కనబడకపోతే సున్నా వెయ్యరు, గడి ఖాళీగా వదిలేస్తారు. సున్నా వేస్తే దాని పక్కన ఎవడైనా ఇంకో అంకె తగిలిస్తాడని మామగారి భయం. అందుకే ప్రతి రిపోర్టు అడుగునా 'ఖాళీ గడి అంటే ఏమీ కనబడలేదు' అని అచ్చు వేయించారు. నలభై ఏళ్ళ అలవాటు అది. నీటి శాఖ వాళ్ళకీ అదే అలవాటైపోయింది.

ఆడపడుచుని అందరూ చుక్క అంటారు. పరీక్షబల్ల దగ్గర గొట్టంలోంచి మందు వదులుతూ చుక్కలు పైకే లెక్కపెట్టుకుంటుంది, పలకరిస్తే కసురుతుంది, మళ్ళీ ఒకటినుంచి మొదలుపెడుతుంది. అలాంటి పిల్ల నూట పద్నాలుగు అని రాసిందంటే అక్కడ నూట పదమూడు కూడా ఉండవు.

"ఇది ఒక్కటే కాదు," అంది చుక్క. "పొద్దున్న నా మిషన్లో నాన్న సంతకాల ఫోల్డరు తెరుచుకుంది. ఎన్నడూ తెరుచుకోనిది. అందులో ఎనిమిది నెలలవి ఉన్నాయి. ప్రతి నెలా నాదొకటి, నాన్న సంతకంతో ఒకటి. నేను అంకె వేసిన చోటల్లా నాన్న కాగితంలో ఖాళీ."

అప్పుడే అత్తగారు మెట్లెక్కి వచ్చింది. కింద కౌంటరు దగ్గర కూర్చుని నమూనాలు తీసుకోవడం, రిపోర్టులు ఇవ్వడం ఆవిడ పని. మామూలుగా మూడో మెట్టు మీదినుంచే మాట మొదలుపెట్టే మనిషి, ఇవాళ పైదాకా వచ్చి, కుర్చీ వెతుక్కుని కూర్చుని గాని నోరు విప్పలేదు.

"నీటి శాఖనుంచి ఆఫీసరు ఫోన్ చేశాడు. పదకొండింటికి వస్తాడట. ఏదీ ముట్టుకోవద్దన్నాడు. ఒక ట్యాంకుకి రెండు కాగితాలెందుకున్నాయని అడిగాడు."

"రెండో కాగితం ఆయన దగ్గరికెలా వెళ్ళింది?" అన్నాడు కోడలి మొగుడు. గడ్డం సగం గీసుకుని, చెంప మీద నురగతో గుమ్మంలోకి వచ్చాడు. ల్యాబు వ్యవహారాలన్నీ చూసేది అతనే.

"నేనే ఇచ్చాను. శుక్రవారం వాళ్ళ మనిషి వస్తే నంబరు కొట్టాను. రెండొచ్చాయి. రెండూ మనవే కదా, ఒకటి దాచుకుని ఏం చేసుకుంటాం అని రెండూ ఇచ్చేశాను."

"కౌంటరు మిషన్లో ఆ ఫోల్డరు ఎలా కనబడిందమ్మా నీకు?"

"నాకేం తెలుసురా. కనబడింది."

అతను తల్లిని వదిలేసి భార్య వైపు చూశాడు. చుక్కా అటే చూసింది. ఆ ఇంట్లో ఏ మిషనుకి ఏది కనబడాలో, ఏది కనబడకూడదో నిర్ణయించేది ఒక్క కోడలే.

పెళ్ళికి ముందు ఆమె ఒక పెద్ద కంపెనీలో సర్వర్లు చూసేది. ఇక్కడికొచ్చాక మెట్ల కింద గూట్లో ఒక యూనిక్స్ సర్వరు పెట్టింది. దాన్ని అత్తగారు 'నీ పెంపుడు కొడుకు' అంటుంది. దుమ్ము తుడిస్తే 'స్నానం చేయించావా' అని అడుగుతుంది. ఆ సర్వరులో గుంపుల ఫైలు ఒకటుంది. నెట్‌గ్రూప్ అంటారు. గుంపు పేరు రాసి, ఎదురుగా బ్రాకెట్లో మూడు గళ్ళు నింపాలి. మొదటిది ఏ మిషను, రెండోది ఏ మనిషి, మూడోది ఏ డొమైను, అంటే ఏ నెట్‌వర్కు. ఫలానా ఫోల్డరు ఫలానా గుంపుకే తెరుచుకోవాలని చెప్పేస్తే మిగతా కాపలా అంతా సర్వరే చూసుకుంటుంది.

'సంతకం' అనే గుంపులో రెండే మిషన్లు ఉండేవి. ఒకటి మామగారిది, ఒకటి మొగుడిది. చుక్క రోజూ రాసిన కాగితం సాయంత్రానికి దానంతటదే ఆ ఫోల్డరులోకి వెళ్ళి పడుతుంది. పడ్డాక చుక్కకి కనబడదు. కోడలు కూడా అందులోకి తొంగిచూసేది కాదు. తాళం వెయ్యడమే గాని లోపలేముందో చూడడం తన పని కాదని పాత కంపెనీలో నేర్చుకున్న పట్టింపు. ఆ పట్టింపు తలుచుకుని కాస్త గర్వపడేది కూడా.

గురువారం నాడు మొగుడి మిషను కాలిపోయింది. కొత్తది రావడానికి వారం పడుతుందన్నారు. కోడలు ఫైలు తెరిచి, పాత మిషను పేరు చెరిపేసి, గడి ఖాళీగా వదిలేసి వచ్చి బట్టలు మడతపెట్టుకుంది.

ఇప్పుడు ఆ గడి గుర్తొచ్చింది.

"నేనే," అంది. "నా వల్లే తెరుచుకుంది."

"ఏం చేశావు?" అన్నాడు మొగుడు.

"మీ మిషను పేరు తీసేసి ఖాళీ వదిలాను. అందులో ఖాళీ అంటే ఎవరూ లేరని కాదు. ఎవరైనా సరే అని. ఎవరూ వద్దంటే చిన్న గీత పెట్టాలి."

"ఆ సంగతి నీకు తెలీదా?"

"తెలుసు. కొత్తగా చేరిన పిల్లలకి నేనే పాఠం చెప్పేదాన్ని. నాలుగేళ్ళుగా మన రిజిస్టర్లు చూసి చూసి ఖాళీ గడి అంటే ఏమీ లేదనే అనుకోవడం అలవాటైపోయింది. చెయ్యి దానంతటదే వదిలేసింది."

పాపం, ఆ క్షణంలో ఆమెకి తన తప్పే కొండంత కనబడింది. గురువారంనుంచి ఇంట్లో ఉన్న ప్రతి మిషనుకీ ఆ ఫోల్డరు బార్లా తెరిచి పెట్టింది. పనిమంతురాలు ఇలాంటి పని చేసిందని సిగ్గుతో చచ్చిపోయింది. అసలు దిగ్భ్రాంతి పడాల్సింది దేనికో ఆమెకి ఇంకా తలకెక్కలేదు.

తలకెక్కించింది అత్తగారు.

"ఎనిమిది నెలలన్నావు కదూ," అంది కూతురితో. ఆవిడ చూపు వంటింటి వైపు తిరిగింది. "మీ నాన్న ఆ ఫిల్టరు పెట్టించి ఎన్నాళ్ళయింది?"

వంటింట్లో కుళాయి పక్కన గోడకి బిగించిన తెల్లని ఫిల్టరు మీద పచ్చదీపం వెలుగుతోంది. ఆ ట్యాంకు నీళ్ళే ఈ వీధికీ, వెనక వీధికీ, మూలమీది పిల్లల బడికీ వస్తాయి. ఈ ఇంటికీ వస్తాయి.

"పక్కింటావిడ అడిగింది," అంది అత్తగారు, ఒక్కో మాటా కూడదీసుకుని. "మేమూ పెట్టించుకోమా అని. మీకెందుకమ్మా, నీళ్ళు బాగానే ఉన్నాయి, ఇది నా చాదస్తం అన్నారు మీ నాన్న. నేను పక్కనే ఉన్నాను. నవ్వాను కూడా."

కోడలు బల్ల అంచు పట్టుకుంది. పక్కింటివాళ్ళ చిన్నపిల్ల నెలలో రెండుసార్లు విరేచనాలతో మంచం పట్టడం, తను వెళ్ళి పలకరించి రావడం, ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు మొహమాటానికి ఒక గుక్క తాగడం అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి.

"నేను అబద్ధం రాయలేదు."

మామగారు ఎప్పుడొచ్చి నిలబడ్డారో ఎవరూ చూడలేదు. ఇస్త్రీ చొక్కా, జేబులో కలం, చేతిలో కళ్ళజోడు. ల్యాబులో అందరూ పెద్దసారు అంటారు. గొంతు పెంచి ఎరగని మనిషి. ఇప్పుడూ పెంచలేదు.

"ఒక్క తప్పు అంకె వెయ్యలేదు. కావాలంటే చూసుకోండి. ఒక గడి వదిలేశాను, అంతే."

"వదిలేస్తే ఏమీ లేదని అర్థం కదా నాన్నా," అంది చుక్క. "కింద అచ్చు వేయించింది మీరే కదా."

"ట్యాంకు ఇంజనీరూ నేనూ కలిసి చదువుకున్నాం. పైపు ఎక్కడో పగిలి మురుగు కలుస్తోంది, వారంలో బాగుచేయిస్తాను, అంతదాకా గోల చెయ్యకురా అన్నాడు. బతిమాలాడు. ఒక్క వారమే కదా అనుకున్నాను."

"తర్వాత?"

"తర్వాత ఇంకో వారం అన్నాడు."

"ఎనిమిది నెలలు నాన్నా."

"మొదటిసారి వదిలేశాక రెండోసారి ఎలా వేస్తానే? మొన్నటిదాకా లేనివి ఇవాళ ఎక్కణ్ణించి వచ్చాయంటే ఏం చెప్పను?" ఆయన కళ్ళజోడు చొక్కా అంచుతో తుడిచారు. తుడిచిందే మళ్ళీ తుడిచారు. "ఒక్కటి గుర్తుపెట్టుకో తల్లీ. ఇది బయటపడితే నా ఒక్కడి సంతకమే పోదు. బల్ల దగ్గర పరీక్ష చేసింది నువ్వు. ఎనిమిది నెలలు క్రిములు చూస్తూ నోరు మూసుకుందంటారు. నీకు ఇంకే ల్యాబులోనూ చోటుండదు."

"నాకు తెలీదు కదా. నేను రాసి పంపాను."

"అది ఎవరు నమ్ముతారు?"

చుక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇప్పటిదాకా కోపంతో నిలబడ్డ పిల్ల అప్పుడు కుర్చీలో కూలబడింది.

మామగారు కోడలి వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఆఫీసరు వచ్చేలోపల ఆ ఫోల్డరు మూసెయ్యి. ఒక్క కాగితమైతే చిత్తుప్రతి పొరపాటున వెళ్ళిందని చెప్పుకోవచ్చు. ఎనిమిది నెలలవి చూస్తే చెప్పుకోవడానికేమీ ఉండదు. తప్పు నీ వల్ల జరిగింది. నువ్వే సరిచెయ్యాలి."

అంత మెత్తగా అన్నారు ఆ మాట. టీలో పంచదార సరిపోలేదన్నంత మెత్తగా. కోడలు ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. నాలుగేళ్ళలో ఈ మనిషి ముందు ఒక్కసారి కూడా కుర్చీలో కాలుమీద కాలు వేసుకోలేదు తను. భయం వల్ల కాదు, గౌరవం వల్ల.

ఆయన కిందికి వెళ్ళిపోయారు. చుక్క కోటు విప్పి నేలమీద పడేసి డాబా మీదికి వెళ్ళింది. అత్తగారు ఆ కోటు తీసి, దులిపి, మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

కోడలు బల్ల మీద తన ల్యాపుటాపు తెరిచింది. గుంపుల ఫైలు తెరమీద పరిచింది. మామగారి మిషను పేరున్న బ్రాకెట్టు, దాని పక్కన మొదటి గడి ఖాళీగా ఉన్న బ్రాకెట్టు. ఒక కామా, ముందు ఏమీ లేదు. అక్కడ చిన్న గీత ఒక్కటి పెడితే చాలు, మామగారికి తప్ప ఫోల్డరు అందరికీ మూసుకుపోతుంది. చుక్క రాసిన ఎనిమిది నెలల అంకెలూ దాంతోపాటే మూసుకుపోతాయి.

"పెట్టు," అన్నాడు మొగుడు. చెంప మీది నురగ ఎండిపోయి తెల్లగా చారలు కట్టింది.

"పెట్టను."

"ఏంటది?"

"పెట్టనన్నాను."

అతను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. తల్లి వింటోందని గొంతు తగ్గించాడు. "చూడు, నిన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఇంత తప్పు చేశావు, ఒక్కళ్ళమైనా నిన్ను పల్లెత్తు మాట అన్నామా? గీత పెట్టడం నీ పనే కదా?"

"గురువారం పెట్టి ఉంటే నా పని. ఇవాళ పెడితే మీ పని."

"మా పని, మీ పని ఏంటి కొత్తగా?"

"మీకు ముందే తెలుసా?"

అతను చెంప గోక్కున్నాడు. ఎండిన నురగ పొట్టులా రాలింది.

"ఆ ఫోల్డరు మీ మిషన్లో కూడా తెరుచుకునేదిగా. కౌంటరుకి రిపోర్టులు పంపేది మీరే. రెండేసి కాగితాలు నెలనెలా మీ కళ్ళముందే ఉండేవిగా."

"అందులో ఏది పంపాలో నాన్న చెప్పేవారు. అది పంపేవాణ్ణి."

"చదివేవారు కాదా?"

"చదివాను. ఏం చెయ్యమంటావు? నాన్న మీద ఫిర్యాదు చెయ్యమంటావా?"

కోడలు నిర్ఘాంతపోయింది. రాత్రి నిద్రలో తను దాహమని లేస్తే, చీకట్లో తడుముకుంటూ వెళ్ళి, ఫిల్టరు నీళ్ళే పట్టి తెచ్చేవాడు ఇతను. కుళాయి నీళ్ళు దగ్గరున్నా తెచ్చేవాడు కాదు. ఎంత శ్రద్ధ అని మురిసిపోయేది.

"మూలమీది బడిలో పిల్లలు తాగుతున్నారండీ," అంది. "ఇప్పుడు, మనం మాట్లాడుకుంటుండగా కూడా."

"మా నాన్నని పోలీసులు తీసుకెళ్తే నీకు సంతోషమా?"

"కాదు."

"ఈ ఇంటి గుట్టంతా రోడ్డున పడితే?"

"పడనివ్వండి. ఆఫీసరు వచ్చేదాకా అది ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఏదీ ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకోను."

అత్తగారు కోటు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తోంది. కింద ల్యాబులో గాజు సామాను కడిగే మిషను తిరుగుతున్న చప్పుడు.

"సరే," అన్నాడతను చివరికి. లేచి నిలబడ్డాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు కూడా. "నీ ఇష్టం. వెళ్ళి దాన్ని చూడు. పైన ఒక్కతే ఉంది."

ఆ చెయ్యి వెచ్చగా తగిలింది. కోడలికి ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైంది. ఎంతైనా మంచివాడే, కాస్త సమయం పట్టింది అంతే అనుకుంది. ల్యాపుటాపు అలాగే వదిలేసి డాబా మెట్లెక్కింది.

చుక్క ఇంటి నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఎండ ముఖం మీద పడుతున్నా కదల్లేదు.

"రాసి పంపేశాక మళ్ళీ చూసి ఉండాల్సింది," అంది. "ఒక్కసారైనా నాన్న రిపోర్టు తీసి చూసి ఉండాల్సింది."

"చూద్దామన్నా నీకు తెరుచుకోదుగా. అలా కట్టింది నేను."

"నూట పద్నాలుగు వచ్చిన రోజు రెండుసార్లు చేశాను పరీక్ష. నమ్మలేక. నాన్నకి చెప్తే, మంచి పని చేశావు తల్లీ, నేను చూసుకుంటాను అన్నారు. ఎంత సంతోషపడ్డానో తెలుసా ఆ రోజు."

కోడలు పక్కన కూర్చుంది.

"నన్ను కూడా అంటారా వదినా? నాన్న అన్నట్టు?"

"నువ్వు రాసింది రాసినట్టు ఉంది. తేదీతో సహా. వాళ్ళు వచ్చి చూస్తే నీ నిజం అదే చెప్తుంది. నీకు భయమేమీ అక్కర్లేదు."

"నువ్వుంటావా పక్కన?"

"ఉంటాను."

చుక్క ఆమె చెయ్యి పట్టుకుంది. రోజూ మందునీళ్ళలో నాని గరుకుదేలిన వేళ్ళు. ఆ పిల్లని ఆమె ఆడపడుచులా ఏనాడూ చూడలేదు, చెల్లెలే అనుకుంది. కింద స్కూటరు ఆగిన చప్పుడయ్యేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

ఆఫీసరు సన్నగా, పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. బూట్లు బయటే విడిచాడు. టీ వద్దన్నాడు. అత్తగారు మంచినీళ్ళు తెస్తే, "వద్దండి," అని, మరీ మొరటుగా ఉందనుకున్నాడో ఏమో, "ఇప్పుడే తాగి వచ్చాను," అని చేర్చాడు. మామగారు నవ్వారు.

కౌంటరు గదిలో అందరూ నిలబడ్డారు. చుక్క కోటు మళ్ళీ వేసుకుంది. బల్ల మీద ల్యాపుటాపు ఉంది. కోడలిదే. మేడమీదినుంచి కిందికి ఎవరు తెచ్చారో ఆమె అడిగేలోపలే మామగారు మాట మొదలుపెట్టారు.

"దాచేదేమీ లేదండీ. అన్నీ తెరిచి చూపిస్తాం. మీకు ఎనిమిది నెలలవీ కావాలి కదా."

కోడలు ఉలిక్కిపడింది. చుక్క కూడా తండ్రి వైపు చూసింది. గంటన్నర కిందట మూసెయ్యమన్న మనిషి ఈయనే.

"ఈ ఫోల్డరులోకి ఎవరెవరు వెళ్ళగలరు?" అని అడిగాడు ఆఫీసరు.

"చూపిస్తానండి," అన్నాడు మొగుడు. ల్యాపుటాపు ముందు కూర్చుని, గుంపులో ఎవరున్నారో చూపించే ఆదేశం ఒకటి కొట్టాడు. తడబడలేదు. తెర మీద ఒకే ఒక్క వరస వచ్చింది.

కోడలు చదివింది. మళ్ళీ చదివింది.

గుంపు పేరు సంతకం. బ్రాకెట్టు ఒక్కటే ఉంది. మొదటి గడిలో తన ల్యాపుటాపు పేరు. రెండో గడిలో తన పేరు. మూడో గడిలో చిన్న గీత. మామగారి మిషను లేదు.

రెండేళ్ళ కిందట తను కాలు విరిగి ఆరు వారాలు మంచం మీద ఉన్నప్పుడు ఇతనికి ఈ పని నేర్పింది. మంచం పక్కన నోటుబుక్కు పెట్టుకుని కూర్చుని, బుద్ధిగా రాసుకునేవాడు. గళ్ళు ఎలా నింపాలి, గీత ఎక్కడ పెట్టాలి, పాస్‌వర్డు ఏమిటి, అన్నీ చెప్పింది. మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికమేమిటని నవ్వింది. ఆ ఆరు వారాలంత సుఖంగా పెళ్ళయ్యాక ఎప్పుడూ లేదు. నేర్పింది నేర్పినట్టే చేశాడు, ఒక్క తప్పు లేదు.

"ఈవిడొక్కరేనా?" అన్నాడు ఆఫీసరు.

"మా కోడలండీ. కంప్యూటర్లన్నీ తనే చూస్తుంది," అన్నారు మామగారు. "నాకు ఈ మధ్య కళ్ళు ఆనడం లేదు. రిపోర్టు తను తెర మీద చూపిస్తే, చూపించిన చోట సంతకం పెడతాను."

"ఎప్పటినుంచి ఇలా?"

"ఏడాది అవుతోందేమో."

"మామయ్యగారూ," అంది కోడలు. ఆయన ఆమె వైపు చూడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"ఇది ఇప్పుడు మార్చారు," అంది ఆఫీసరుతో. బల్ల పట్టుకుంది. "పొద్దున్న ఇలా లేదు. ఇందులో మామయ్యగారి మిషను పేరుంది. ఫైలు ఎప్పుడు మారిందో చూడండి, మీకే తెలుస్తుంది."

ఆఫీసరు చూశాడు. "ఇవాళ పది ఇరవైకి మారింది."

"చూశారా."

"ఈ ల్యాపుటాపు నుంచే మారింది. ఇది ఎవరిది?"

"నాదే. కాని అప్పుడు నేను డాబా మీద ఉన్నాను."

"ఏదీ ముట్టుకోవద్దని నేను తొమ్మిదింటికే చెప్పానండి," అన్నాడు ఆఫీసరు. కసురుకోలేదు. జాలిగా అన్నాడు. ఆ జాలి ఆమెని చెంపదెబ్బలా తాకింది.

మొగుడు తెర వైపే చూస్తున్నాడు. గడ్డం రెండో వైపు కూడా గీసుకున్నాడు, నున్నగా ఉంది. అది గీసుకోవడానికి కూడా అతనికి సమయం దొరికిందన్నమాట. ఆమె అతని పక్కకి వచ్చి నిలబడింది.

"మీరు చెప్పండి," అంది.

అతను తెరని ఇంకొంచెం ఆఫీసరు వైపు తిప్పాడు.

"అత్తయ్యగారూ, మీరు అక్కడే ఉన్నారు. ల్యాపుటాపు మీ ఎదురుగానే ఉంది. ఎవరు కూర్చున్నారో మీరు చూశారు."

అత్తగారి పెదవులు కదిలాయి. ఆవిడ మొగుణ్ణి చూసింది, కొడుకుని చూసింది, తర్వాత చేతిలో ఉన్న నీళ్ళగ్లాసుని చూసుకుంది. ఆఫీసరు వద్దన్న గ్లాసు. మాటలకి ఏనాడూ కరువు లేని మనిషి, ఆ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆఫీసరు చుక్క వైపు తిరిగాడు.

"పరీక్ష చేసేది మీరు కదమ్మా? ఈ అంకెలు మీవేనా?"

"నావే."

కోడలు ఊపిరి పీల్చుకుంది. ఇంతసేపు ఎందుకు కంగారుపడ్డాను అనిపించింది. ఈ పిల్ల ఉంది కదా. ఎనిమిది నెలల అంకెలు ఉన్నాయి కదా.

"రాశాక ఈ కాగితం ఎవరికిస్తారు?"

చుక్క తండ్రి వైపు చూసింది. ఆయన తుడవడం ఆపి కళ్ళజోడు పెట్టుకుని, కూతురి వైపే చూస్తున్నారు. గదమాయింపు లేదు ఆ చూపులో. నేను చూసుకుంటాను తల్లీ అన్నట్టు తల కొంచెం ఊపారు.

"చెప్పమ్మా, భయపడకు," అన్నాడు ఆఫీసరు. "ఎవరికిస్తారు?"

కోడలు చెయ్యి చాపి చుక్క చెయ్యి అందుకోబోయింది. గరుకుదేలిన ఆ వేళ్ళు వెనక్కి జరిగి, మడతలు పడ్డ తెల్లకోటు జేబులోకి వెళ్ళాయి.

"వదినకి," అంది చుక్క.

ఆఫీసరు తలవంచి ఆ మాట రాసుకున్నాడు. రాసుకుని, కలం మూత పెట్టకుండా కోడలి వైపు తిరిగాడు.